అరువు రైఫిల్‌కు ఏ ట్రిగ్గర్ మేలు?

వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, చదువు మీద వ్యాసాలు, పాత వార్డెన్ల జ్ఞాపకాలు ఉంటాయి. అందులో ట్రిగ్గర్ గురించి వ్యాసమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. నవ్వినా ఫర్వాలేదు, చివరిదాకా చదవమని మా మనవి. ఎందుకంటే ఈ విషయం మీద ఈ ఏడాది మన పూర్వ విద్యార్థుల మధ్య చిన్న తగువే నడుస్తోంది. ఎన్.సి.సి.లో ఉన్న తమ్ముళ్ల కోసం, బాలికల హాస్టల్లోని చెల్లెళ్ల కోసం అందరం తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్ మ్యాచ్ ఎయిర్ రైఫిల్ ఒకటి కొనాలని అనుకున్నాం. డబ్బు ఇంకా పూర్తిగా జమ కాలేదు. రైఫిల్ రాకముందే దాని ట్రిగ్గర్ ఎలా బిగించాలన్న దగ్గర రెండు జట్లు అయ్యాయి. సింగిల్ స్టేజి పెట్టండి, కొత్త పిల్లలకు తికమక ఉండదని ఉద్యోగాల్లో ఉన్న అన్నలు కొందరు అంటున్నారు. టూ స్టేజి ఉండాలని మేము అంటున్నాం. మేమంటే పి.జి. చదువుతూ ఆదివారం పూట జూనియర్లతో రేంజికి వెళ్లే నలుగురం. ఫోన్లలో వాదించుకుంటే తెగడం లేదు కాబట్టి మా పక్షాన్ని ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా ఒక్క మాట. రైఫిల్ హాస్టల్లో ఉండదు. కాలేజీ ఎన్.సి.సి. గదిలో తాళం కింద ఉంటుంది. ఆఫీసర్ సార్ లేకుండా బయటికి రాదు. వార్డెన్ గారు కంగారు పడనవసరం లేదు.

రైఫిల్ ఎన్నడూ పట్టని వారి కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే. లోపల బిగించి పెట్టిన స్ప్రింగును ఒక చిన్న ఉక్కు కొక్కెం ఆపి ఉంచుతుంది. దాన్ని సియర్ అంటారు. మనం వేలితో నొక్కితే ఆ కొక్కెం అంచు జారి స్ప్రింగు వదులుతుంది. ఎన్.సి.సి. వారి పాయింట్ 22 రైఫిల్లో అయితే పిన్ను వెళ్లి తూటా అంచును కొడుతుంది. ఇప్పటి మ్యాచ్ ఎయిర్ రైఫిల్లో అయితే చిన్న సుత్తి వెళ్లి వాల్వును తెరుస్తుంది, సిలిండర్లోని గాలి పెల్లెట్‌ను తోస్తుంది. ఆ కొక్కెం అంచు ఎంత మేర పట్టుకుని ఉంది, దాన్ని ఒక్క విడతలో జారుస్తామా, రెండు విడతల్లో జారుస్తామా అన్నదే మన తగువు.

సింగిల్ స్టేజిలో వేలు ఆనించగానే గట్టిదనం తగులుతుంది. ఖాళీ కదలిక ఉండదు. ఒత్తిడి పెంచుకుంటూ పోతే ఒక చోట పేలుతుంది. టూ స్టేజిలో ముందుగా ట్రిగ్గర్ వేలితో పాటు కొంత దూరం మెత్తగా వెనక్కి వస్తుంది. ఆ ప్రయాణంలోనే కొక్కెం చాలావరకు జారిపోతుంది. తరువాత గోడ లాంటిది తగులుతుంది. అక్కడ ఆగవచ్చు. ఆ గోడ మీద మరికొంచెం ఒత్తితే పేలుతుంది. వద్దనుకుంటే వేలు సడలించవచ్చు, ట్రిగ్గర్ మళ్లీ మొదటి చోటికి వెళ్లిపోతుంది.

దీన్ని బైకు క్లచ్చితో పోల్చి చెబితే జూనియర్లకు వెంటనే అర్థమవుతోంది. క్లచ్చి లివర్ వదులుతున్నప్పుడు కొంత దూరం ఏమీ జరగదు, తరువాత ఒక చోట బండి పట్టుకుంటుంది. ఎవరిదో బండి అడిగి తీసుకున్నవాడు మొదట చేసేది ఆ పట్టుకునే చోటు ఎక్కడుందో చూసుకోవడమే. అది తెలియక వదిలితే బండి ఎగిరి పడుతుంది. టూ స్టేజి ట్రిగ్గర్‌లో గోడ అంటే ఆ పట్టుకునే చోటు. వేలికి తెలిసేలా అది ముందే చెబుతుంది.

ఎన్.సి.సి. పిల్లలకు ఇదంతా కొత్త కాదు. పి.ఐ. స్టాఫ్ మజ్బూత్ పకడ్, శిస్త్ అంటూ హిందీలో మొదలుపెట్టి, ట్రిగ్గర్ దగ్గరికి వచ్చేసరికి ఫస్ట్ ప్రెషర్, సెకండ్ ప్రెషర్ అని ఇంగ్లీషులోకి దిగుతారు. సగంమంది పిల్లలు ఆ రెండు మాటలను 'బి' సర్టిఫికెట్ పరీక్ష కోసం బట్టీ పడతారు గానీ అవి ఎందుకు పుట్టాయో ఎవరూ అడగరు. అవి పాత లీ ఎన్‌ఫీల్డ్ పాయింట్ 303 కాలం మాటలు. ఆ రైఫిల్ ట్రిగ్గర్ మొదటి లాగుడు 3 నుంచి 4 పౌండ్లు, రెండవ లాగుడు 5 నుంచి ఆరున్నర పౌండ్లు ఉండాలన్నది సైన్యపు కొలత. తూటా ఎక్కించిన రైఫిల్‌తో పరుగెత్తే సిపాయి కింద పడినా, రైఫిల్ రాతికి తగిలినా పేలకూడదు. అందుకని కొక్కెం పట్టు ఎక్కువ ఉంచారు. కానీ అంత పట్టును ఒకే లాగుడులో జార్చితే వేలు చాలా దూరం ఈడ్చాలి, గురి పోతుంది. కాబట్టి ఆ దూరంలో ఎక్కువ భాగాన్ని మొదటి లాగుడులోనే తీసేసి, చివరి కొసను మాత్రం రెండవ లాగుడుకు మిగిల్చారు. భద్రత, గురి రెండూ కావాలంటే దొరికిన దారి అది. ఇదే పద్ధతి తరువాత మ్యాచ్ రైఫిళ్లలోకీ వచ్చింది, బరువు మాత్రం పౌండ్ల లెక్క నుంచి గ్రాముల లెక్కకు దిగింది. నేటి మ్యాచ్ ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్‌ను మొత్తం 100 గ్రాముల దగ్గర పెట్టుకునేవారు చాలామంది.

ఇంత చిన్న విషయానికి ఇంత గొడవ ఎందుకని అనిపిస్తే, టార్గెట్ కొలతలు చూడండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మొత్తం అడ్డుకొలత 45.5 మిల్లీమీటర్లు. అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. బాల్ పెన్నుతో పెట్టిన చుక్కంత. ఒక్కొక్క వలయానికి మధ్య రెండున్నర మిల్లీమీటర్లే దూరం. ఇప్పుడు రైఫిల్ వెనుక సైటుకు, ముందు సైటుకు మధ్య 80 సెంటీమీటర్లు ఉందనుకుందాం. వేలు గుంజడం వల్ల ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 10 మీటర్ల అవతల దెబ్బ పన్నెండున్నర మిల్లీమీటర్లు తప్పుతుంది. అంటే పది పడవలసిన చోట ఆరు పడుతుంది. కన్ను బాగుండి, ఊపిరి బాగుండి, నిలకడ బాగుండి, వేలు ఒక్కటి తొందరపడితే జరిగేది ఇది. 2013 నుంచి ఎయిర్ రైఫిల్ పోటీలో పదిని కూడా 10.0 నుంచి 10.9 దాకా దశాంశాల్లో లెక్కిస్తున్నారు. అంటే పది కొట్టినవాడు కూడా పదవ వంతుల్లో వెనుకబడిపోతాడు.

2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా చివరి షాట్ 10.8 కొట్టి మన దేశానికి వ్యక్తిగత పోటీలో మొదటి స్వర్ణం తెచ్చాడు. అదే పోటీలో మన హైదరాబాద్ గగన్ నారంగ్ అర్హత రౌండులో సమాన స్కోరు ఉండి కూడా కౌంట్‌బ్యాక్ లెక్కలో ఫైనల్‌కు పోలేకపోయాడు. నాలుగేళ్లకు, 2012 లండన్‌లో 701.1 తో కాంస్యం తెచ్చుకున్నాడు. అరవై షాట్లలో ఎక్కడో ఒక్కటి అటు ఇటు అయినా మనిషి నాలుగేళ్లు ఆగవలసి వచ్చే ఆట ఇది. 2024 పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టర్. టికెట్ కలెక్టర్ ఉద్యోగానికి మన హాస్టల్ నుంచి ప్రతి ఏడాదీ దరఖాస్తులు వెళుతూనే ఉంటాయి కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాం.

ఇక సింగిల్ స్టేజి వైపు నుంచి న్యాయంగా చెప్పవలసింది చెప్పాలి. దాన్ని కోరుకునే అన్నలు తెలియక అంటున్నవారు కాదు. మంచి సింగిల్ స్టేజి ట్రిగ్గర్ గాజు పుల్ల విరిగినట్టు తెగుతుంది. వేలు చేయవలసిన పని ఒక్కటే కాబట్టి మనసు పెట్టవలసిన చోటూ ఒక్కటే. టూ స్టేజిలో గోడ దగ్గర ఆగిన పిల్లవాడు అక్కడే ఉండిపోతాడు. చుక్క మధ్యకు రావాలి, ఇంకొంచెం రావాలి అని చూస్తూ చూస్తూ, ఊపిరి అయిపోయి, చివరికి ఒక్కసారిగా గుంజేస్తాడు. ఈ జబ్బు నిజంగానే ఉంది, మేము ప్రతి ఆదివారం చూస్తున్నాం. సింగిల్ స్టేజిలో ఆగడానికి చోటే లేదు కాబట్టి ఆ జబ్బు తక్కువ. సర్దవలసిన స్క్రూలు కూడా తక్కువ. పెద్ద పోటీల్లో సింగిల్ స్టేజి పెట్టుకుని గెలిచేవారు ఉన్నారు. మన బజారులో దొరికే చవక స్ప్రింగ్ ఎయిర్‌గన్నులో ఉండే పొడవాటి మొండి లాగుడును చూసి సింగిల్ స్టేజి అంటే అదేననుకోవడం కూడా తప్పు. అది మంచి సింగిల్ స్టేజీ కాదు, టూ స్టేజీ కాదు, ఏదో ఒక లాగుడు అంతే.

అయినా మేము ఒప్పుకోకపోవడానికి కారణం ఒకటే. సింగిల్ స్టేజిని మెచ్చుకునే వారందరూ తమ సొంత రైఫిల్ ఉన్నవారు. రోజూ అదే రైఫిల్, అదే బరువు, అదే చోటు. వారి వేలికి ఆ ట్రిగ్గర్ ఎక్కడ తెగుతుందో నిద్రలో కూడా తెలుసు. మన పిల్లలు అలా కాదు. మనది అరువు రైఫిల్. మన ఇళ్లల్లో మొదట డిగ్రీ చదివినవాళ్లం మనం. పుస్తకం అరువు, కాలిక్యులేటర్ అరువు, ఇంటర్వ్యూకి చొక్కా అరువు. అరువు వస్తువుతో పని చేయడం మనకు చేతనైనంతగా మరొకరికి చేతకాదు. కానీ అరువు వస్తువు తన సంగతి త్వరగా చెప్పేదై ఉండాలి. పేజీలు చిరిగిన పుస్తకమైనా విషయసూచిక ఉంటే చాలు, చదువుకుంటాం. గోడ ఉన్న ట్రిగ్గర్ విషయసూచిక ఉన్న పుస్తకం లాంటిది.

ఒక్క రోజులో మన తమ్ముడి వేలు ఎన్ని రకాల ట్రిగ్గర్లు ముట్టుకుంటుందో లెక్క వేయండి. కాలేజీలో పాయింట్ 22, కిలోల బరువు, ఫస్ట్ ప్రెషర్, సెకండ్ ప్రెషర్. సెలెక్షన్‌కు వెళితే అక్కడి రేంజి వారు ఇచ్చే ఎయిర్ రైఫిల్. మళ్లీ క్యాంపుకు వెళితే ఇంకొకటి. మావలంకర్ పోటీల దాకా వెళ్లగలిగిన ఎన్.సి.సి. పిల్లలకు మధ్యలో ఇన్ని చేతులు మారిన రైఫిళ్లు తప్పవు. ఈ రైఫిళ్లలో చాలావాటికి సామాన్యంగా ఉండేది ఏమిటంటే, రెండు విడతల లాగుడు. పేరున్న జర్మన్ మ్యాచ్ రైఫిళ్లు కూడా ఎక్కువగా ఫ్యాక్టరీ నుంచి టూ స్టేజిగానే వస్తాయి, కావాలనుకున్నవారు స్క్రూ తిప్పి మొదటి విడత తీసేసుకుంటారు. బరువులు వేరు కావచ్చు, పద్ధతి ఒకటే. కాలేజీలో నేర్చుకున్న ఫస్ట్ ప్రెషర్ ఎయిర్ రైఫిల్ దగ్గర కూడా పనికి వస్తుంది. మనం కొనే రైఫిల్‌ను సింగిల్ స్టేజిగా బిగిస్తే, ఆదివారం నేర్చుకున్నది సోమవారం పాయింట్ 22 దగ్గర మరిచిపోవాలి.

రెండేళ్ల క్రితం ఒక సెలెక్షన్‌లో జరిగింది చెబుతాం. ఎక్కడ, ఎవరు అన్నది వద్దు. మన తమ్ముడొకడు గ్రూపింగ్ బాగా కొట్టేవాడు. వాడికి అక్కడ చేతికిచ్చిన ఎయిర్ రైఫిల్‌లో ఎవరో మొదటి విడత పూర్తిగా తీసేసి, బరువు బాగా తగ్గించి పెట్టుకుని ఉన్నారు. ఆ సంగతి వీడికి ఎవరూ చెప్పలేదు. అలవాటు ప్రకారం గురి కుదరకముందే ఫస్ట్ ప్రెషర్ తీసుకుందామని వేలు ఆనించాడు. పేలిపోయింది. పెల్లెట్ టార్గెట్ కాగితం చివర తగిలింది. రెండవసారీ అంతే. ఆ తరువాత భయంతో వేలు పెట్టడమే ఆలస్యం చేసి, పెట్టగానే గుంజడం మొదలుపెట్టాడు. సాయంత్రం జాబితాలో పేరు లేదు. మ్యాచ్‌కు ముందు 15 నిమిషాల సన్నాహక సమయం ఇస్తారు, అందులో ఎన్ని సైటింగ్ షాట్లయినా కొట్టుకోవచ్చు. సొంత రైఫిల్ ఉన్నవాడు ఆ 15 నిమిషాలు సైటు సర్దుకోవడానికి వాడుకుంటాడు. అరువు రైఫిల్ వాడు ట్రిగ్గర్ ఎక్కడ తెగుతుందో వెతకడానికి ఖర్చుపెడతాడు. గోడ ఉంటే ఆ వెతుకులాట నాలుగైదు నొక్కుళ్లలో అయిపోతుంది. గోడ లేకపోతే తూకం మొత్తం వేలికి ఎక్కాలి, అది 15 నిమిషాల పని కాదు.

అలాగే చేతులు మారే రైఫిల్‌కు ఇంకొక లెక్క ఉంది, భద్రత. తేలికైన సింగిల్ స్టేజి ట్రిగ్గర్‌లో కొక్కెం పట్టు ఎప్పుడూ అతి కొంచెమే ఉంటుంది. అలా ఉంటేనే అది ఖాళీ కదలిక లేకుండా, చప్పున తెగుతుంది. కానీ ఇరవైమంది పిల్లలు పట్టే రైఫిల్, గోడకు ఆనించేటప్పుడు తగిలేది, బల్ల మీద పెట్టేటప్పుడు కొట్టుకునేది, ఎప్పుడూ అంచు మీద నిలబడి ఉండకూడదు. టూ స్టేజిలో వేలు లేనంతసేపు కొక్కెం నిండుగా పట్టుకుని ఉంటుంది. సైన్యం ఎందుకు రెండు విడతలు పెట్టిందో హాస్టల్‌కూ అందుకే కావాలి. ట్రిగ్గర్ ఏదైనా సరే, గురి పెట్టే దాకా వేలు గార్డు బయటే ఉండాలి, మూతి టార్గెట్ వైపే ఉండాలి అన్నది మారదు.

అన్నల పక్షం వారు అడిగే ఇంకొక ప్రశ్న. గోడ దగ్గర ఆగిపోయే జబ్బుకు మందేమిటి? దీనికి మనిషి శరీరం గురించి ఒక విషయం తెలుసుకోవాలి. కన్ను చూసి, మెదడు సరే అని, వేలు కదిలేసరికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. చుక్క సరిగ్గా మధ్యలోకి వచ్చింది, ఇప్పుడు నొక్కుదాం అనుకునేవాడు ఎప్పుడూ ఆలస్యమే. అప్పటికి చుక్క జరిగిపోయి ఉంటుంది. అందుకని గోడ మీద ఒత్తిడి ముందే మొదలై ఉండాలి. చుక్క మధ్య ప్రాంతంలో మెల్లగా తిరుగుతుండగానే ఒత్తిడి పెరుగుతూ ఉండాలి, చివరి కొస తెగడం దాదాపు తెలియకుండా జరగాలి. అలా జరగాలంటే చివరి కొసకు మిగిలిన బరువు తక్కువ ఉండాలి. కాబట్టి మొత్తం 100 గ్రాములు అనుకుంటే, మొదటి విడతకు 60, 70 గ్రాములు, గోడ మీద 30, 40 గ్రాములు అని పంచుకోవడం మంచిదని మా అభిప్రాయం. మొదటి విడత మరీ గాలిలా ఉండి, బరువంతా గోడ మీదే ఉంటే పిల్లవాడు గోడ దగ్గర ఆగి భయపడతాడు. మొదటి విడతలోనే వేలు పని చేయడం మొదలుపెడితే, మిగిలింది కొంచెమే అనిపించి ఆగడు. జబ్బు టూ స్టేజిది కాదు, బరువు సరిగా పంచకపోవడానిది.

సెకండు చాలనుకుని పది సెకన్లు గోడ మీద గడిపేవాడికి ఇంకొక పద్ధతి. గురి పెట్టి ఏడెనిమిది సెకన్లలో పేలకపోతే వేలు వదిలి, రైఫిల్ దించి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు, తొందరేమీ లేదు. దించడం ఓటమి అని మన పిల్లలు అనుకుంటారు. రేషన్ షాపు లైనులో నుంచి పక్కకు తప్పుకున్నట్టు బాధపడతారు. పేలకుండా వదిలి మళ్లీ తీసుకునే వీలును ట్రిగ్గరే ఇస్తోంది, దాన్ని వాడుకోవాలి.

చెడుగా బిగించిన టూ స్టేజి మాత్రం దేనికన్నా అధ్వాన్నం. ఇది కూడా చెప్పి తీరాలి. గోడ తగిలిన తరువాత ట్రిగ్గర్ ఇంకా జరుగుతూ, ఇసుకలో నడిచినట్టు గరగరమని వస్తే దాన్ని క్రీప్ అంటారు. అది ఉంటే గోడకు అర్థం లేదు. ఇంకొకవైపు, స్క్రూ అతిగా తిప్పితే మొదటి విడత చివరలోనే పేలిపోతుంది, గోడ తగలనే తగలదు. పైకి టూ స్టేజి, లోపల మోసం. సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొనేటప్పుడు రంగు, గీతలు చూడడం కంటే ఈ రెండూ చూడడం ముఖ్యం. ఖాళీ రైఫిల్‌తో ఇరవైసార్లు నొక్కి చూస్తే ఇరవైసార్లూ గోడ ఒకే చోట తగలాలి.

బరువు తగ్గించాలన్న ఆశ గురించి కూడా ఒక మాట. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదని అంతర్జాతీయ నియమం ఉంది, మన హైదరాబాద్ ఈషా సింగ్ లాంటి పిస్టల్ షూటర్లు ఆ బరువును పరీక్షలో చూపించి తీరాలి. ఎయిర్ రైఫిల్‌కు అలాంటి కనీస బరువు లేదు. ఎంత తక్కువైనా పెట్టుకోవచ్చు. నియమం లేదు కదా అని 30, 40 గ్రాములకు దించేస్తే కొత్త పిల్లల వేలికి ఏమీ తగలదు. పాయింట్ 22 మీద కిలోల బరువు గుంజిన వేలు అది. పొలంలో పారపట్టి, సెలవుల్లో సెంట్రింగ్ పనికి వెళ్లి గట్టిబడిన వేళ్లు మన తమ్ముళ్లవి. మొదటి ఏడాది మొత్తం బరువు 120 గ్రాముల దగ్గర ఉంచినా నష్టం లేదు. తగ్గించడం తరువాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

నిజానికి స్టేజిలు ఒకటా రెండా అన్నదానికన్నా ముందు చూడవలసింది ట్రిగ్గర్ బ్లేడు ఎంత దూరంలో ఉంది అన్నది. మ్యాచ్ రైఫిళ్లలో దాన్ని ముందుకు వెనక్కి జరుపుకోవచ్చు. వేలి మొదటి కణుపు మెత్త మధ్యభాగం బ్లేడు మీద ఆనాలి, నొక్కుడు తిన్నగా వెనక్కి రావాలి. చెయ్యి చిన్నదైన చెల్లెలు వేలి కొసతో అందుకుంటే రైఫిల్ కుడికో ఎడమకో నెట్టబడుతుంది. తమ్ముళ్ల చేతికి సర్ది, చెల్లెళ్లకు అదే ఇస్తే వారు గురి తప్పుతున్నారని అనడం అన్యాయం. దీనిమీద ఏ పక్షానికీ తగువు లేదు, అయినా ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి రాశాం.

మా ప్రతిపాదన ఇది. రైఫిల్ టూ స్టేజిగానే ఉండాలి. బరువు ఒకసారి సర్ది, స్క్రూ తల మీద, పక్కన రంగు చుక్క పెట్టాలి. ఆఫీసర్ సార్ అనుమతి లేకుండా ఆ చుక్కలు విడిపోకూడదు. బ్లేడు దూరం మాత్రం ఎవరి చేతికి తగ్గట్టు వారు జరుపుకోవచ్చు, ఎవరిది ఎన్నో గీత దగ్గర ఉందో నోటు పుస్తకంలో పేరు ఎదురుగా రాసుకోవాలి. ఎవరైనా జిల్లా స్థాయి దాటి, సొంతంగా ఒక రైఫిల్ రోజూ పట్టుకునే స్థితికి వస్తే, అప్పుడు వారు సింగిల్ స్టేజి పెట్టుకుంటామంటే మాకేమీ అభ్యంతరం లేదు. అప్పుడు అన్నలు చెప్పిన మాటే వారికి సరిపోవచ్చు.

రైఫిల్ వచ్చే దాకా పిల్లలు ఊరికే కూర్చోనవసరం లేదు. పెల్లెట్ లేకుండా నొక్కి అభ్యాసం చేయడానికి కాలేజీలోని పాయింట్ 22 చాలు, అయితే ఆ రైఫిల్‌ను పూర్తి ఖాళీగా ఉంచి నొక్కితే పిన్ను చాంబర్ అంచును కొట్టి పాడుచేస్తుంది. సార్‌ను అడిగి, పేలిన ఖాళీ తొడుగు ఒకటి లోపల పెట్టి నొక్కాలి. బోర్లా పడుకుని గురి పెట్టాక, పక్కనున్నవాడు బ్యారెల్ మీద ముందు సైటు వెనుక ఒక రూపాయి నాణెం నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. ఫస్ట్ ప్రెషర్, ఒక ఊపిరి, సెకండ్ ప్రెషర్. పిన్ను శబ్దం అయిన తరువాత కూడా నాణెం కదలకూడదు, మరో రెండు సెకన్లు గురి అలాగే ఉండాలి. వరుసగా పదిసార్లు నాణెం నిలిచినవారి పేర్లు మెస్ గోడ మీది బోర్డుపై రాస్తామని జూనియర్లకు మాట ఇచ్చాం. ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి బోర్డు మీద మూడు పేర్లున్నాయి, వాటిలో రెండు చెల్లెళ్లవి.